పట్టభద్రులకు ఠాణా తగని చోటా?

ప్రతి సంవత్సరమూ వేసవి ప్రవేశించగానే మన కళాశాల ఆవరణలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "పరీక్షలు ముగిశాయి, తరువాత ఏమిటి?" కొందరు బి.ఇడి. అంటారు. కొందరు ఎం.బి.ఎ. అంటారు. కొందరు గల్ఫ్ దేశాలలో ఉన్న మేనమామలనూ పినతండ్రులనూ తలచుకొంటారు. మరికొందరు మాత్రం కాస్త గొంతు తగ్గించి, "పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొన్నాము" అంటారు. ఆ మాట చెప్పడానికి గొంతు ఎందుకు తగ్గవలె? ఈ సందేహమే మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయించినది.

గొంతు తగ్గడానికి కారణాలు రెండని మాకు తోచినది. ఒకటి చిన్నచూపు, రెండవది అపనమ్మకం. రెండింటినీ విడివిడిగా విచారించుదాము.

మొదట చిన్నచూపు మాట. సబ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి విశ్వవిద్యాలయ పట్టా కావలె. కానిస్టేబులు ఉద్యోగానికి ఇంటర్మీడియెట్ చాలును. కాని మొదటి రకం స్థానాలు వందలలో ఉంటే రెండవ రకం స్థానాలు వేలలో ఉంటాయి. 2022లో తెలంగాణలో వెలువడిన ప్రకటనలలో సబ్ ఇన్‌స్పెక్టరు స్థానాలు 600కు లోపు, కానిస్టేబులు స్థానాలు 15,000కు పైన. అందువలన బి.ఎ.లు, బి.కాం.లు, ఇంజనీరింగు చదివినవారు సైతం రెండింటికీ దరఖాస్తు చేస్తున్నారు. అప్పుడు ఇంట్లో పెద్దలు, "మూడేళ్ళు కాలేజీలో చదివించినది కానిస్టేబులు కావడానికా?" అని నిట్టూరుస్తారు. కూటి కొరకు కోటి విద్యలని సరిపెట్టుకొనేవారు కొందరు. ఈ రెండు మాటలలోనూ ఒకే పొరపాటు ఉన్నది. ఠాణాలో చదువుతో పని లేదని ఇద్దరూ ముందుగానే తీర్మానించుకొన్నారు.

ఆ తీర్మానం ఎంత తప్పో మా పేటలో జరిగిన ఒక చిన్న సంగతి మాకు నేర్పినది. కుట్టుపనితో జీవించే ఒక వృద్ధురాలి ఇంటి నుండి కుట్టుమిషను పోయినది. పది దినాలు తానే ఇంటింటా విచారించి, చివరకు మనుమని తోడు తీసికొని ఠాణాకు వెళ్ళినది. ఎప్పుడు పోయినదని అడిగితే "పర్సోం రాత్" అన్నది. దక్కనీ ఉర్దూ ఎరిగినవారికి ఆ మాట చమత్కారం తెలియును. నిఘంటువులో దాని అర్థం మొన్న. మన నగరం నోట మాత్రం అది మొన్న కావచ్చు, మొన్నటి వారం కావచ్చు, గడచిన మాసమైనా కావచ్చు. ఫిర్యాదు వ్రాసిన రైటరుకు ఆ పలుకుబడి తెలియదు. ఆయన సరిగ్గా రెండు దినాల క్రిందటి తేదీ వేసినాడు. వ్రాసినది తెలుగులో చదివి వినిపించగా, ఆమె అర్థం కాకనే వేలిముద్ర వేసినది.

కొంతకాలానికి ఆ మిషను ఒక పాత సామాను దుకాణంలో దొరికినది. దుకాణదారు తన చిట్టా తీసి చూపినాడు. అతడు మిషను కొన్న తేదీ, కాగితం మీద దొంగతనం జరిగిన తేదీ కంటె ఆరు దినాలు ముందున్నది. పోకముందే అమ్ముడుపోయిన వస్తువు దొంగసొత్తు ఎట్లాగునని ప్రతివాది తరఫు న్యాయవాది అడిగితే ఎవరి వద్దా జవాబు లేకపోయినది. కేసు కొట్టివేయబడినది. ఆమె నేటికీ పొరుగింటి మిషను మీద గంటల లెక్కన కుట్టుకొంటున్నది. ఇందులో అబద్ధమాడినవారు లేరు, లంచం పుచ్చుకొన్నవారు లేరు. ఒక్క మాట అర్థం కాలేదు. మరొక్క ప్రశ్న ఎవరూ అడుగలేదు. అంతే.

ప్రథమ సమాచార నివేదిక అనబడే ఆ కాగితం మీదనే తరువాతి దర్యాప్తూ విచారణా నడుస్తాయి. వ్రాసినది ఫిర్యాదుదారుకు చదివి వినిపించి, సంతకం గైకొని, ఉచితంగా నకలు ఇవ్వవలెనని చట్టం ఆదేశిస్తున్నది. వినిపించడమంటే శబ్దం చెవిని పడడం కాదు, అర్థం మనసుకు చేరడం. రెండు భాషల మధ్య పెరిగి, రెండు లిపులు దిద్ది, ఒక గదిలో ఉర్దూ పాఠం, ప్రక్క గదిలో తెలుగు పాఠం వినే మన కళాశాల విద్యార్థికి ఈ పని ఎంత సహజమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రైటరు బల్ల వద్ద కూర్చొనేది తరచుగా కానిస్టేబులో, హెడ్ కానిస్టేబులో. కనుక పట్టా అక్కడ వ్యర్థమని అనేవారు ఆ వృద్ధురాలికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

కానిస్టేబులు పని యాంత్రికమన్నది పరాయి పాలకుల నాటి భావన. 1857 తిరుగుబాటు తరువాత, 1861లో వచ్చిన పోలీసు చట్టం ప్రజలను అదుపులో ఉంచే దళాన్ని కోరినది. ఆలోచించే భటుని కోరలేదు. స్వాతంత్ర్యం వచ్చిన మూడు దశాబ్దాలకు, 1977లో ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ ఈ భావనను ప్రశ్నించినది. ప్రజలతో నిత్యమూ మెలగే కానిస్టేబులు తన వివేకాన్ని వినియోగించి నిర్ణయం చేయగలవాడు కావలెనని అభిప్రాయపడినది. నేడు ఆ అవసరం మరింత పెరిగినది. 2024 జులై 1 నుండి మూడు కొత్త నేర చట్టాలు అమలులోనికి వచ్చినవి. సోదా చేసినప్పుడు దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయవలె. ఏడు సంవత్సరాలు, అంతకు మించిన శిక్ష పడదగు నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావలె. లాఠీతో రాబట్టిన ఒప్పుకోలుకు మునుపూ విలువ లేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పినది; కొత్త చట్టమూ ఆ నియమాన్ని నిలుపుకొన్నది. న్యాయస్థానంలో నిలబడేది కలం వ్రాసినదే. కలం పట్టడం నేర్చినవారికి ఠాణా ఎట్లా తగని చోటగును?

ఇక అపనమ్మకం మాట. దీనిని తేలికగా తీసివేయలేము, తీసివేయరాదు కూడా. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన పిదప పట్టుబడి, చెరలో ఉండి, చివరకు నిర్దోషులుగా బయటపడిన యువకుల సంగతి ఈ నగరం మరువలేదు. అటువంటి జ్ఞాపకాలు ఉన్న ఇళ్ళలో ఖాకీ దుస్తుల మాట ఎత్తితే తల్లుల ముఖాలు మారడం సహజం. ఖైదీలను నిర్బంధించేటప్పుడు పాటించవలసిన నియమాలను సర్వోన్నత న్యాయస్థానం 1996లో డి.కె.బసు కేసులో నిర్దేశించినది. పోలీసు వ్యవస్థ సంస్కరణకు 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశాలిచ్చినది. ఆ ఆదేశాలు రాష్ట్రాలలో పూర్తిగా ఆచరణకు రాలేదన్నది కూడా నిజమే.

అయితే మాకు తోచే ప్రశ్న ఇది. కంచె చేను మేస్తున్నదని వాపోయే మనము, ఆ కంచె కట్టడానికి మన చేతులు ఎంతవరకు ఇచ్చినాము? 2006లో వెలువడిన సచార్ సంఘం నివేదిక భారత పోలీసు సర్వీసులో ముస్లింలు నూటికి 4గురని లెక్క తేల్చినది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వారు నూటికి 13.4 మంది. ఈ అంతరానికి పేదరికం, చదువులేమి, వివక్ష వంటి కారణాలను ఎన్నింటినైనా పేర్కొనవచ్చు. వాటిలో మన చేతిలో ఉన్న కారణం ఒకటున్నది: దరఖాస్తు పెట్టకపోవడం. పెట్టని దరఖాస్తును తిరస్కరించవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. మనవారు ఠాణాలో ఉంటే మనవారి పనులు జరుగుతాయన్న ఆశతో ఎవరినైనా పంపదలచుకొంటే, పంపకపోవడమే మేలు. ఆ దుస్తులు ధరించినవానికి మనవారు, పరవారు అన్న తేడా ఉండరాదు. 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిని తలచుకొందాము. తెలుగు ఇంట పుట్టి, ఉర్దూ రాజభాషగా గల ప్రభుత్వంలో అమీను కొలువు నుండి కొత్వాలు పదవికి ఎదిగి, రెండు భాషల ప్రజల నడుమ ఆయన నగర శాంతిని కాపాడినాడు. నేడు తెలంగాణ పోలీసు అకాడమీ ఆయన పేరు ధరించి ఉన్నది. అధికారం కొరకు, లంచం కొరకు, పెండ్లి సంతలో కట్నం ధర పెంచుకొనడం కొరకు ఈ ఉద్యోగాన్ని కోరేవారు ఆ అకాడమీ గుమ్మం తొక్కకుండుటే దేశసేవ. ఒక్క పట్టభద్రుడు చేరినంత మాత్రాన వ్యవస్థ మారిపోదన్నదీ మాకు తెలియును. కాని ఒక బల్ల వద్ద ఒక కాగితం సరిగా వ్రాయబడితే ఒక ఇల్లు నిలుస్తుంది. అది స్వల్పమని మేము అనుకొనము.

విద్యార్థినీ సోదరీమణులకు ఒక ప్రత్యేక మనవి. స్త్రీలపై జరిగే కొన్ని నేరాలలో బాధితురాలి వాఙ్మూలాన్ని మహిళా పోలీసు అధికారిగాని, మరొక మహిళా అధికారిగాని నమోదు చేయవలెనని 2013 నుండి చట్టం చెబుతున్నది. చెప్పుకొనలేని బాధను మాతృభాషలోనే చెప్పుకొనవలసి వచ్చినప్పుడు, వినేవారిలో ఆ భాష ఎరిగిన ఒక స్త్రీ ఉండడం ఎంతటి ఊరటో ఊహించుకొనవచ్చు. తెలంగాణ సివిల్ పోలీసు నియామకాలలో స్త్రీలకు నూటికి 33 స్థానాలు ప్రత్యేకింపబడినవి. ఆ స్థానాలు మీ కొరకు ఎదురుచూస్తున్నవి.

దరఖాస్తు చేయదలచినవారు తెలుసుకొనవలసినవి కొన్ని ఉన్నవి. నియామకంలో మొదట ప్రాథమిక వ్రాత పరీక్ష, పిదప దేహ దారుఢ్య పరీక్షలు, చివర తుది వ్రాత పరీక్ష ఉంటాయి. 2022 నియమాలలో పురుషులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకనులలోను, స్త్రీలు 800 మీటర్ల దూరాన్ని 5 నిమిషాల 20 సెకనులలోను పరుగెత్తవలసి ఉండినది. ఇది ప్రకటన వెలువడిన తరువాత నేర్చుకొనే విద్య కాదు. డిగ్రీ మొదటి సంవత్సరం నుండి వేకువనే లేచినవారికి మాత్రమే అలవడుతుంది. సబ్ ఇన్‌స్పెక్టరు తుది పరీక్షలో ఆంగ్లంతోపాటు తెలుగుగాని ఉర్దూగాని భాషా పత్రంగా ఎన్నుకొనవచ్చును. ఉర్దూ మాధ్యమంలో చదివినందువలన ఈ ద్వారం మనకు మూసి ఉన్నదని భావించేవారు ఈ సంగతి గుర్తించవలె.

అన్నిటికంటె ముఖ్యమైనది దరఖాస్తులోని ఒక గడి: "మీపై ఎప్పుడైనా కేసు నమోదైనదా?" వీధి తగాదాలోనో, విద్యార్థి ఊరేగింపులోనో పేరు వ్రాయబడిన యువకుడు భయపడి "లేదు" అని వ్రాస్తాడు. ఎంపికైన తరువాత విచారణలో నిజం బయటపడుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఈ విషయమై స్పష్టంగా చెప్పినది. ఇచ్చే సమాచారం సత్యమై ఉండవలె. దాచినవారి నియామకం రద్దు కావచ్చు. నిజం చెప్పినవారి విషయాన్ని నేర స్వభావాన్ని బట్టి అధికారులు పరిశీలించవచ్చు. సత్యం వ్రాయించుకొనే ఉద్యోగానికి అసత్యంతో దరఖాస్తు పెట్టడం కంటె విపరీతం వేరొకటి ఉండదు.

చివరగా, కళాశాల కార్యవర్గంలోని పెద్దలకు మూడు విన్నపాలు. వేకువజామున రెండు గంటలపాటు మన ఆటస్థలం గేటు తెరిపించి, వ్యాయామ అధ్యాపకుని పర్యవేక్షణ ఏర్పాటు చేయవలె. గ్రంథాలయంలో కొత్త నేర చట్టాల ప్రతులను, పూర్వపు ప్రశ్నపత్రాలను తెలుగు, ఉర్దూ భాషలలో దొరికినంత మేరకు తెప్పించి ఉంచవలె. ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తులు నింపడంలో సాయపడుటకు వారం దినాలు ఒక గది, ఒక కంప్యూటరు, ఒక అధ్యాపకుని కేటాయించవలె. వీటికి అయ్యే వ్యయం మన వార్షికోత్సవ షామియానా ఖర్చును మించదని మా నమ్మకం.

వచ్చే సంచిక వెలువడే నాటికి మన కళాశాల నుండి కొందరైనా "పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాము" అని గొంతు తగ్గించకుండా చెప్పగలరని ఆశిస్తున్నాము. వారిలో ఎవరైనా ఒకనాడు ఆ బల్ల వద్ద కూర్చొని, ఎదుట నిలిచిన ముసలమ్మ "పర్సోం" అన్నప్పుడు, కలం ఆపి, "అమ్మా, ఏ దినం? జుమ్మాకు ముందా, తరువాతనా?" అని అడిగితే మన కళాశాల ఇచ్చిన పట్టా సార్థకమైనట్లే.