లెటర్ సైజు ఎవరిక్కావాలండీ?

మా మేళ్లచెరువు జిరాక్స్ షాపుల్లో లెటర్ సైజు కాగితం అడిగి చూడండి, వింతగా చూస్తారు. ఉండేది ఏ4. మన ప్రోగ్రామర్లేమో ఆన్‌లైన్ ఫారాల్ని అమెరికా లెటర్ సైజులోనే వదిలేస్తారు. పపెటీర్‌తో పీడీఎఫ్ చేస్తే, మనం చెప్పకపోతే వచ్చేది లెటరే!

లెటర్ వెడల్పు 216 మిల్లీమీటర్లు, ఏ4ది 210. మార్జిన్ తక్కువుంటే పక్కన అక్షరాలు ఎగిరిపోతాయి. ఎడమ పక్క జాగా లేకపోతే ఫైల్లో గుచ్చే బొక్క సరిగ్గా సర్వే నంబరు మీదే పడుతుంది. రైతు మళ్లీ తిరగాలి, తిట్లు షాపు పిల్లగాడికి.

సుప్రీంకోర్టే 2020 ఏప్రిల్ 1 నుంచి ఏ4కి మారింది. కుడిఎడమల 4 సెంటీమీటర్లు, పైనా కిందా 2 అని కొలతలూ చెప్పింది. మనకేం రోగం? కోడ్‌లో సైజు ఏ4 అని చెబితే సరిపోయే పని.

"యూజరే మార్చుకుంటాడులే" అనకండి. ఆ యూజరు కౌంటర్ అవతల నిలబడి ఉంటాడు, మీ సెట్టింగులు అతనికి కనపడవు.