చరిత్రకారుని ఇల్లు

“చరిత్ర అన్నం పెడుతుందా?” అని అడగని తండ్రి మన ఇళ్ళలో అరుదు. తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికే నాకూ ఈ ప్రశ్న పాతదే. చరిత్ర అన్నచోట తెలుగు అనుకుంటే సరి. కాని ఇటువంటి ప్రశ్నకే ప్రాణం పోయేదాకా జవాబు వ్రాసిన పెద్దమనిషి ఒకరున్నారు. ఫ్రాన్సు దేశపు చరిత్ర ప్రొఫెసరు, మార్క్ బ్లోక్.

1886లో లియాన్ నగరంలో పుట్టారు. తండ్రి గుస్తావ్ రోము చరిత్రలో పేరుపడ్డ ఆచార్యుడు. ఇల్లాలు సిమోన్, సంతానం ఆరుగురు. స్ట్రాస్‌బర్గ్‌లోను, 1936 నుంచి పారిస్‌లోను పాఠాలు చెప్పారు. రాజుల పట్టాభిషేకాలతో ఆయనకు తృప్తి లేదు. పొలం గట్టు అలా ఎందుకుంది, ఏ సీమలో ఏ నాగలి దున్నింది అని వెదికి, 1931లో ఫ్రాన్సు పల్లెల చరిత్ర వ్రాశారు. మా వేటపాలెం వచ్చి ఉంటే తిన్నగా గుంట మగ్గం దగ్గరకే వెళ్ళేవారు కాబోలు!

1939లో యుద్ధం వచ్చింది. యాభై మూడేళ్ళవారు, ఆరుగురు పిల్లల తండ్రి, పోనక్కరలేదు. పోయారు. మరుసటి ఏడు ఫ్రాన్సు ఓడింది. ఆయన యూదుడు. న్యూయార్క్ నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చింది గాని, ఎదిగిన పిల్లలకూ ముసలి తల్లికీ వీసాలు చిక్కున పడ్డాయి. వాళ్ళను వదిలి ఆయన ఓడ ఎక్కలేదు.

పారిస్ ఇంట్లోని పుస్తకాలను జర్మనులు పట్టుకుపోయారు. 1918లో వెలసిన మా సారస్వత నికేతనంలో పాత పత్రికల కట్టలు విప్పుకుని ఎవరైనా కూర్చోవచ్చు. ఆయనకు ఆ భాగ్యం లేకపోయింది. అయినా, చేతిలో గ్రంథాలయం లేకుండానే, చరిత్రకారుని పని ఏమిటో చెప్పే పుస్తకం మొదలుపెట్టారు. అందులో మొదటనే, చరిత్ర ఎందుకని తండ్రిని అడిగే పిల్లవాడు కనబడతాడు.

పుస్తకం పూర్తి కాలేదు. ఆయన రహస్యోద్యమంలో చేరారు. 1944 మార్చి 8న పట్టుబడి చిత్రహింసలు అనుభవించారు. జూన్ 16న లియాన్‌కు కొంత దూరంలో తోడి ఖైదీలతో పాటు ఆయనను కాల్చివేశారు. పొలాల చరిత్ర వ్రాసిన మనిషి పొలంలోనే ఒరిగాడు. జూలై 2న సిమోన్ ఆస్పత్రిలో కన్నుమూసింది. అసంపూర్ణంగా మిగిలిన ఆ ప్రతిని మిత్రుడు లుసియన్ ఫెబ్ర్ 1949లో అచ్చు వేయించాడు. 1993లో వ్రాతప్రతులన్నీ సరిచూసి కొత్త ముద్రణ సిద్ధం చేసింది పెద్దకొడుకు ఎతియెన్. ఆస్తి పంపకాలకే తండ్రి కాగితాలు తిరగవేసే కొడుకులున్న లోకంలో ఇది చిన్న సంగతి కాదు.

బామ్మ చెప్పిన మాటా సాక్ష్యమే, పత్రికలో అచ్చయిన ముక్కా సాక్ష్యమే. దేన్నీ ప్రశ్నించకుండా నమ్మరాదన్నది ఆయన నేర్పిన విద్య. ప్రతి పుకారునూ నిమిషంలో నలుగురికీ పంపేస్తున్న రోజులివి. అన్నం మాట ఎలా ఉన్నా, ఆ విద్య మన పిల్లలను మోసపోకుండా కాపాడుతుంది. మన కుటుంబం ఈ ఊరికి ఏ ఏట వచ్చిందో బామ్మను అడిగి రమ్మనండి. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి పాత దస్తావేజులు ముందు పెట్టండి. మొదటి పాఠానికి అంతకన్న ఏం కావాలి?