కారుకు చెప్పులు

మా మేనల్లుడు కారు కొన్నాడు. ఈ రోజుల్లో కారు కొనడం వింతేమీ కాదు. కాని వీడు కొన్న కారుకు తలుపులు రెండే, సీట్లు రెండే. పైకప్పు బట్టతో చేసినది. మీట నొక్కితే వెనక్కి ముడుచుకుపోతుంది. "ఇంత డబ్బు పోసి కప్పులేని కారు కొన్నావేమిట్రా?" అంటే, "ఇది స్పోర్ట్స్ కారు మామయ్యా! మీకు తెలియదు" అన్నాడు. నాకు తెలియనివాటి జాబితా చాలా పెద్దది. దీన్నీ అందులో చేర్చుకున్నాను.

వాడికి హైదరాబాదులో వుద్యోగం. కారు సెకండ్ హ్యాండుది. మొదట కొన్న ఆసామి దాన్ని రోడ్డు మీద తిప్పినదానికంటే షెడ్డులో దాచినదే ఎక్కువట. శ్రావణమాసంలో ఆ కారు వేసుకుని తెనాలిలో మా ఇంటికి దిగాడు. వచ్చిన పని మంచిదే. రేపల్లెలో వున్న తల్లిని, అంటే మా చెల్లెల్ని, ఎక్కించుకుని బాపట్ల వెళ్ళి, భావనారాయణస్వామి దర్శనం చేయించి, ఆ పైన సూర్యలంకలో సముద్రం చూపిస్తాడట. బావగారు పోయిన తరవాత మా చెల్లెలు సరదాగా గడప దాటి ఎరగదు. కొడుకు కారులో రెండో సీటు తనదేనని విని, పది రోజుల ముందే చీర తీసి పెట్టుకున్నది.

"బయలుదేరేముందు టైర్లు మార్చాలి మామయ్యా. ఇప్పుడున్నవి మరీ సన్నంగా, కళ లేకుండా వున్నాయి. మా స్నేహితుడి దగ్గర వెడల్పాటివి నాలుగు వున్నాయి, పెద్ద రిమ్ములతో సహా. ఖరీదు సగమే. అచ్చం కొత్తవి! గ్రిప్పు గోరంత కూడా అరగలేదు" అన్నాడు.

గ్రిప్పు అరగలేదనే మాట వినేసరికి నా గుండె ఝల్లుమన్నది. ఎందుకో చెబుతాను.

2012 మే నెలలో నేనూ మా ఆవిడా మా పాత కారులో బాపట్ల పెళ్ళికి బయలుదేరాము. అంతకుముందు రోజునే వెనక టైరు ఒకటి పంక్చరయింది. కొత్తది కొందామని మా ఆవిడ అన్నది. డిక్కీలో స్టెప్నీ వుండగా డబ్బు తగలెయ్యడమెందుకని నేనన్నాను. ఆ స్టెప్నీ బండితో పాటు వచ్చినది, నేల తాకి ఎరగదు, నిగనిగలాడుతున్నది. అదే బిగించాను. పొన్నూరు దాటాక, మిట్టమధ్యాహ్నపు ఎండలో, తుపాకి పేలినట్టు చప్పుడయింది. బండి తోక విసిరినట్టు అడ్డం తిరిగి, రోడ్డు దిగి, ఒక తుమ్మచెట్టుకు ఆనుకుని ఆగింది. చెట్టు అవతల నిండుగా పారే కాలువ. మా ఆవిడ మాట్లాడలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నది. చూస్తే టైరు మీది రబ్బరు పట్టా అరటి తొక్కలాగా వూడివచ్చింది.

బాపట్లలో టైర్ల కొట్టు కుర్రవాడు ఆ టైరు పక్కన వున్న అంకెలు చూపించాడు. 3501 అని వున్నది. అంటే 2001వ సంవత్సరం ముప్పయి అయిదో వారంలో తయారయినదని అర్థమట. "తిరగకపోయినా పదకొండేళ్ళు నిండుతున్నాయి బాబుగారూ. రబ్బరు కూడా మనిషిలాగే, కూర్చున్నా ముసలిదవుతుంది" అన్నాడు. ఎండ, వేడి, గాలిలోని ప్రాణవాయువూ ఓజోనూ కలిసి రబ్బరును లోపల్లోపల గట్టిపరిచి, పెళుసుబారేటట్టు చేస్తాయి. పైన గ్రిప్పు పెళ్ళికొడుకులా వుంటుంది. లోపల పొరలకూ పొరలకూ పొత్తు వుండదు.

అంచేత, "ముందు ఆ టైర్ల పక్క గోడలు ఫొటో తీసి పంపమను" అన్నాను మేనల్లుడితో. ఫొటో వచ్చింది. 0915. అంటే 2015లో తొమ్మిదో వారం. పదేళ్ళు నిండిన సరుకు. అయిదేళ్ళు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్ళు నిండితే గ్రిప్పు వున్నా పారెయ్యాలనీ తయారుచేసేవారిలో చాలామంది చెబుతారు. వాడి మొహం చిన్నబోయింది. ఆ వూపులో కారుకున్న టైర్లు కూడా చూశాము. అవి ఇంకా ఒక సంవత్సరం పెద్దవి!

మర్నాడు తెనాలిలో టైర్ల కొట్టుకు వెళ్ళాము. కొట్టు ఆసామి ఓపిక గల మనిషి. మావాడు వెళ్ళీ వెళ్ళగానే వెడల్పాటి పెద్ద సైజు అడిగాడు. ఆయన, "కూర్చోండి బాబూ, ముందు కారు ఏమి అడుగుతున్నదో చూద్దాం" అని, డ్రైవరు తలుపు తీసి, చట్రానికి అంటించిన కాగితం చూపించాడు. 205/55 ఆర్ 16, 91 వి అని వున్నది. ఇది టైరు జాతకం. మీరు కూడా ఒకసారి వింటే ఎప్పటికయినా పనికివస్తుంది.

205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి యాభై అయిదు పాళ్ళు. అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 16 అంటే లోపలి రిమ్ము పదహారు అంగుళాలు. 91 బరువు గుర్తు. ఒక్కొక్క టైరు 615 కిలోలు మొయ్యగలదు. వి వేగం గుర్తు. గంటకు 240 కిలోమీటర్ల దాకా.

"తెనాలికీ రేపల్లెకూ మధ్య 240 ఎక్కడ నడుపుతాడండీ? తక్కువ గుర్తు వున్న చవక టైరు చాలదూ?" అన్నాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది?

"నడపడు కాని, ఆ గుర్తు వేడికి తట్టుకునే శక్తి కూడా చెబుతుంది. కారు చేసినవాడు అడిగినదానికంటే తక్కువ వెయ్యకూడదు, బరువు గుర్తు కూడా అంతే" అన్నాడాయన.

తరవాత మావాడి పెద్ద సైజు లెక్క తీశాడు. స్నేహితుడివి 225/40 ఆర్ 18. బయటి కొలతలో రెండింటికీ తేడా అయిదు మిల్లీమీటర్లే. కాని రిమ్ము రెండు అంగుళాలు పెరిగింది గనుక, పక్క గోడ 113 నుంచి 90కి దిగిపోతుంది. నున్నటి రోడ్డు మీద ఆ పొట్టి గోడ వల్ల మలుపులో కారు గట్టిగా నిలబడుతుంది, నిజమే. గుంటలో పడితే మాత్రం దెబ్బ కాచుకునే రబ్బరు తక్కువ. రిమ్ము వంగుతుంది, లేదా టైరు పక్క వుబ్బుతుంది. గ్రిప్పులో దిగిన మేకుకు పంక్చరు వెయ్యవచ్చును. పక్క గోడ తెగితే వైద్యం లేదు. పైగా ఈ కారులో స్టెప్నీయే లేదు! జిగురుమందు సీసా, చిన్న గాలిపంపు మాత్రమే ఇచ్చారు.

"మరి వెడల్పు టైరుకు పట్టు ఎక్కువ కదండీ?" అన్నాడు మేనల్లుడు.

"పొడి నేల మీద. వాన నీళ్ళు నిలిచిన చోట వెడల్పు టైరు తొందరగా తేలుతుంది. నాలుగు టైర్లూ కలిపి నేలను పట్టుకునేది నాలుగు అరచేతులంత మేర. దాని కిందికి నీరు చేరితే స్టీరింగు తిప్పినా కారు వినదు. మన డెల్టా రోడ్లు సంగతి మీకు తెలియనిదేముంది? ఒకచోట నీరు, ఒకచోట ట్రాక్టరు చక్రాలు రాల్చిన నల్లరేగడి, కోతల రోజుల్లో ఆరబోసిన ధాన్యం."

ఆయన మూడు రకాలు ముందు పెట్టాడు. మొదటిది గట్టి రబ్బరు. చాలాకాలం మన్నుతుంది, పట్టు సామాన్యం. రెండోది పందెపు కార్ల తరహా మెత్తటి రబ్బరు. పట్టు అద్భుతం, కాని తొందరగా అరుగుతుంది, నీళ్ళు పోయే గాళ్ళు తక్కువ. మూడోది మధ్యరకం, లోతయిన గాళ్ళతో, వాననీటిని పక్కలకు తోసేసేది. కారు అడిగిన సైజులోనే, అడిగిన గుర్తులతోనే. మావాడు రెండోదాన్ని ప్రేమగా నిమిరాడు. నేనేమీ అనలేదు. "పక్క సీట్లో మీ అమ్మ కూర్చుంటుంది కదురా" అని మాత్రం అన్నాను. వాడు కాసేపు తల వంచుకుని, "మూడోదే ఇవ్వండి, నాలుగూ" అన్నాడు.

అప్పుడు నాకు ఎప్పుడో చదివినది గుర్తుకు వచ్చింది. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు 1888లో గాలి టైరు చేసినది పందేల కోసం కాదు. తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని. అంతకు ముందే, 1845లో, థామ్సన్ అనే ఆయన ఇటువంటిదానికి పేటెంటు తీసుకున్నాడు గాని, అది వాడుకలో నిలవలేదు. లోకమంతటా నిలిచినది ఆ తండ్రి చేసినదే. దాని చలవవల్లనే మన పొలాల్లో కర్రచక్రాలు పోయి టైరుబండ్లు వచ్చాయి. ఎడ్ల మెడలకు సుఖమయింది.

బిగిస్తూండగా ఆసామి మరి రెండు ముక్కలు చెప్పాడు. ముందూ వెనకా ఒకే సైజు వుండే బండికి రెండు టైర్లే మార్చే స్తోమత వుంటే, కొత్త జత వెనక వెయ్యాలట. ముందు చక్రం జారితే స్టీరింగులో తెలుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చును. వెనకది జారితే బండి బొంగరమే. గాలి బండి చల్లగా వున్నప్పుడే చూడాలి. గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న గట్లు వుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమయితే టైరు ఆయువు తీరినట్టే. కొత్త టైరు మీద మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా పోవాలి. ఈ ఆఖరు మాట నాకు బాగా నచ్చింది. మా చెల్లెలి ప్రయాణమంతా ఆ లెక్కలోనే తీరిపోతుంది!

రేపల్లెనుంచి బాపట్లకు 216 నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళారు. దారిలో వాన పట్టుకున్నది. నేను తెనాలిలో అరుగు మీద కూర్చుని ఫోను చేతిలోనుంచి దించలేదు. చీకటిపడే వేళకు మా చెల్లెలే మాట్లాడింది.

"అన్నయ్యా, సముద్రం చూశాను. మీ బావగారు తీసుకువెళ్ళినప్పుడు ఎలా వున్నదో అలాగే వున్నది."

"వాడెలా నడిపాడే?"

"రిక్షా అయినా ఇంతకంటే తొందరగా పోతుంది" అని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో!

ఫోను పెట్టేసి, సంతోషంతో మా ఆవిడకు సంగతంతా చెప్పాను. టైరు జాతకం కూడా మళ్ళీ ఒకసారి అప్పజెప్పాను. ఆమె శాంతంగా విని, "బాగానే వుంది గాని, మన కారు డిక్కీలో వున్న స్టెప్నీ ఏ సంవత్సరానిదండీ?" అన్నది.

టార్చిలైటు తీసుకుని వెళ్ళి చూశాను. ఆ అంకె మీకు చెప్పడానికి సిగ్గుగా వున్నది. తెల్లవారగానే ఆ టైర్ల కొట్టు తలుపులు తెరిపించినది నేనే.