పెట్టెలో పడుండే పెన్నుకి పాళీ ఎందుకు?

పోయిన సంక్రాంతికి ఒక మిత్రుడి ఇంటికి వెళ్తే, భోజనాలయ్యాక బీరువా తెరిచి ఒక పెట్టె చూపించాడు. లోపల పార్కర్ టీ-1. 1970లో వచ్చి, మరుసటి ఏడాదికే ఆగిపోయిన ఫౌంటెన్ పెన్ను. ఒళ్లంతా టైటానియం. దానికి పాళీ విడిగా ఉండదు, వేళ్లతో పట్టుకునే భాగమే సన్నబడుతూ వెళ్లి కొసన పాళీ అవుతుంది. అబద్ధం ఎందుకు, చూస్తే చూపు తిప్పుకోలేం.

"ఒక్క లైను రాసి చూడనా?" అన్నాను.

పెట్టె మూసేశాడు. "ఇంకు తగిల్తే రేటు సగానికి పడిపోద్ది రా" అన్నాడు.

ఆ మాట మీద నాకు వచ్చిన కోపమే ఈ వ్యాసం.

పాత పెన్నులు పోగుచేసే వాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉంది. ఫలానా పెన్ను తయారీ మహా కష్టం, అందుకే కంపెనీ మానేసింది, కాబట్టి అది గొప్పది. ఈ మూడు మాటలకీ మధ్య ఏ లంకె ఉందో ఎవరూ అడగరు. మంత్రంలా వల్లిస్తారు, ధర పెంచుతారు, పెట్టె మూసేస్తారు.

మొదటి మాట నిజమే. టైటానియం కోతకి తేలిగ్గా లొంగదు. ఉక్కుని లేత్ మీద కోస్తుంటే పుట్టే వేడిలో చాలా భాగం రజనుతో పాటే బయటికి పోతుంది. టైటానియంలో వేడి తొందరగా పారదు, కోసే పనిముట్టు అంచు మీదే పేరుకుంటుంది. అంచు మొద్దుబారుతుంది, లోహం దానికి అతుక్కుంటుంది. ఒత్తిడి పెడితే కాస్త వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది, కొలత తప్పుతుంది. సన్నటి రజనుకి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. 1960లలో అమెరికా వాళ్లు బ్లాక్‌బర్డ్ గూఢచారి విమానాన్ని చాలామటుకు టైటానియంతోనే కట్టారు. డ్రిల్లు బిట్లు అరిగిపోయి తలలు పట్టుకున్నారు. అలాంటి లోహాన్ని తీసుకొచ్చి, వెంట్రుకంత చీలిక ఉండే పాళీ చేయాలనుకోవడం సాహసమే. ఆ సాహసం చేసినవాళ్లకి నా నమస్కారం.

రెండో మాట దగ్గరే తేడా. కష్టం కాబట్టే ఆగిపోయిందా? 1970ల చివర్లో అదే పార్కర్, అదే పాళీ పద్ధతిలో స్టెయిన్‌లెస్ స్టీలుతో ఫాల్కన్ అనే పెన్ను చేసింది. స్టీలు వాళ్ల చేతికి బాగా అలవాటైన లోహం. అది కూడా కొన్నేళ్లే వచ్చి ఆగిపోయింది. జపానులో పైలట్ కంపెనీ 1971లో ఒంటిపాళీ స్టీలు పెన్ను మ్యూ 701 తెచ్చింది. అదీ ఆగింది. కానీ కంపెనీ తొంభయ్యేళ్ల పండక్కి దాన్నే కొంచెం మార్చి ఎం90 పేరుతో పరిమిత సంఖ్యలో మళ్లీ చేశారు. అంటే చెయ్యలేక ఆగిపోలేదు. చెయ్యాలనుకున్న రోజున చేశారు.

ఇక టైటానియం సంగతి. ఇవాళ కంప్యూటర్‌తో నడిచే లేత్‌లు పెట్టుకున్న చిన్నచిన్న వర్క్‌షాపుల వాళ్లు టైటానియం పెన్నులు చేసి అమ్ముతున్నారు. టైటానియం పాళీలు విడిగా కూడా దొరుకుతున్నాయి. యాభయ్యేళ్ల కిందట కంపెనీకి తలకు మించిన పని ఇప్పుడు ఒక గదిలో జరిగిపోతోంది. ఆ కష్టం లోహంలో శాశ్వతంగా కూర్చున్నది కాదు. ఆనాటి పనిముట్లకీ ఆనాటి లెక్కల పుస్తకానికీ సంబంధించినది. పాడైపోయిన ముక్కల ఖర్చు ఎవరు భరించాలి, అన్నదే అసలు ప్రశ్న. కంపెనీ 'నేను భరించను' అంది, పెన్ను ఆగింది. వ్యాపారంలో అది తప్పు కాదు. కాకపోతే అందులో పూజించాల్సింది కూడా ఏమీ లేదు.

కంపెనీ భరించనన్న ఖర్చుని మనిషి భరిస్తే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. రాజమండ్రి చాలు.

ఎబొనైట్ అంటే రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి, వేడిచేసి గట్టిపరిచిన పదార్థం. ఫౌంటెన్ పెన్నులు మొదట్లో దీంతోనే వచ్చేవి. లేత్ మీద పెడితే గంధకం కంపు కొడుతుంది, నల్లటి పొడి లేస్తుంది, ఉలి అంచు తొందరగా పోతుంది. వేగం పెంచితే మాడుతుంది. వెలుతురూ తేమా తగిలితే కొన్నాళ్లకి నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరుగుతుంది. కింద పడితే పగులుతుంది. 1924లో షీఫర్ సెల్యులాయిడ్ పెన్నులు తెచ్చింది, రెండేళ్లకి పార్కర్ కూడా అదే దారి పట్టింది. కొద్దికాలంలోనే పెద్ద కంపెనీలు చాలావరకు ఎబొనైట్ ఒంటికి సెలవు చెప్పేశాయి.

సరిగ్గా ఆ తర్వాత, 1930ల మొదట్లో, స్వదేశీ వేడిలో కోసూరి వెంకటరత్నం గారు రాజమండ్రిలో పెన్నులు చేయడం మొదలుపెట్టారు. గాంధీ ఆ పెన్నుతో రాసి, మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశాడు. పెద్ద కంపెనీలు వదిలేసిన ఎబొనైట్‌ని మన గోదావరి గట్టున దశాబ్దాలపాటు లేత్ మీద చేత్తో తిప్పుతూనే ఉన్నారు. కష్టం తగ్గిందా? లేదు. ఆ కష్టాన్ని లేత్ ముందు కూర్చున్న మనిషి తన ఊపిరితిత్తుల్లోకి, వేళ్లలోకి తీసుకున్నాడు. అందుకే ఆగలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా నాన్న వాడిన ఎబొనైట్ పెన్ను మూత పగిలితే కొన్నేళ్ల కిందట ఒక టర్నర్ దగ్గరికి పట్టుకెళ్లాను. పెద్దాయన. కొత్త కడ్డీ ముక్క తీసుకుని, పాత మరలకి సరిపోయేలా మూత తిప్పాడు. పాళీ కింద ఇంకు నడిపే ఎబొనైట్ ముక్కని, మేం నాలుక అనేవాళ్లం దాన్ని, కాస్త వేడి చూపించి పాళీకి ఆనేలా నొక్కాడు. ప్లాస్టిక్ నాలుకకి ఈ సౌకర్యం అంత బాగా ఉండదు, ఇంకు కూడా ఎబొనైట్‌ని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకోదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. డబ్బులు చెప్తే నేను "మూతకి అంతా?" అన్నాను.

ఆయన కిందకి చూపించాడు. "కడ్డీలో సగానికి పైగా నేలమీదే ఉంది కదండీ బాబూ. అది కూడా కొన్నదే" అన్నాడు.

అయినా యాభై తగ్గించుకునే వచ్చాను. ఆ సాయంత్రమే 'మన వారసత్వం, మన చేతిపని' అని పదిమందికి గొప్పగా చెప్పాను. టీ-1 పాడైన ముక్కల ఖర్చు కంపెనీని ఆపింది. ఆ పెద్దాయన రజను ఖర్చు నేను ఆయన మీదికే తోసేశాను. ఇంకో యాభైమంది నాలాగే తోసి ఉంటారు. రేపు ఆయన లేత్ ఆగిపోతే, మళ్లీ మేమే 'అయ్యో, అంతరించిపోయిన కళ' అని వ్యాసాలు రాస్తాం, ఆయన చేసిన పెన్నుల ధర పదింతలు చేస్తాం. ఆ పదింతల్లో ఆయనకి పైసా రాదు.

మా మిత్రుడి వైపు కూడా న్యాయం ఉంది, దాచను. పోగుచేసేవాళ్లే లేకపోతే టీ-1లు ఎప్పుడో పాత సామాన్లలో కలిసిపోయేవి. ఇవాళ ఎబొనైట్ పెన్ను చేయించుకునే వాళ్లలో ఎక్కువమంది ఆ పిచ్చి ఉన్నవాళ్లే. మ్యూజియంలో ఒకటి భద్రంగా ఉండాలంటే ఒప్పుకుంటాను. కానీ ప్రతి బీరువా మ్యూజియం అయితే ఎలా? ఆ పెన్నుకి అంత కష్టపడి పాళీ చీల్చినవాడు అది రాయాలనే చీల్చాడు. ఇంకు తగిలితే విలువ పోతుందనడం ఆ పనివాడి పనిని కొట్టిపారెయ్యడమే.

కష్టానికి దానంతటదే విలువ లేదు. టైటానియం తేలిగ్గా ఉంటుంది, ఇంకుకి తుప్పు పట్టదు. ఎబొనైట్ చేతికి వెచ్చగా ఉంటుంది, ఇంకుతో స్నేహంగా ఉంటుంది. రాసేవాడికి ఇది దక్కితే ఆ కష్టం సార్థకం. బీరువాలో ఉంటే అది కేవలం రజను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఉన్న పెన్నుతో రాయండి. పాడైతే బాగుచేయించండి. బాగుచేసినాయన రజనుతో కలిపి ధర చెప్తే బేరమాడకుండా ఇవ్వండి. నేను అప్పుడు తగ్గించుకున్న యాభై ఆయనకి బాకీనే, ఈసారి వెళ్లినప్పుడు ఇచ్చేస్తాను.

వచ్చే సంక్రాంతికి మళ్లీ మిత్రుడి ఇంటికి వెళ్తాను. ఇంకు సీసా నేనే పట్టుకెళ్తాను.