మెరిసేదంతా బాగుచేసినట్టు కాదు

పాత ఇంకు పెన్నుని ముప్ఫై సెకన్లలో ‘కొత్తది’గా మార్చేసే రీల్స్ చూస్తే ఒకప్పుడు నాకు చేతులు దురద పెట్టేవి. ఇప్పుడు కడుపు మండుతోంది.

తాతయ్య పెన్ను మీద నేనూ అదే పని చేశాను మరి. రాజమండ్రిలో చేయించుకున్న నల్ల ఎబొనైట్ పెన్ను, దాని మీద ఆయన పేరు చెక్కి ఉండేది. గడ్డకట్టిన సిరా వదులుతుందని వేడినీళ్లలో వేసి పడుకున్నాను. పొద్దున్నకి బురద రంగుకి తిరిగింది. ఆ రంగు పోవాలని ఎమరీ పేపర్‌తో రుద్దాను. నలుపు తిరిగొచ్చింది కానీ పేరు పోయింది.

ఎబొనైట్ అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరు. వెలుతురూ వేడినీళ్లూ దాని నలుపుని తినేస్తాయి. ఈ సంగతి కనుక్కోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ఏ రీల్‌లోనూ ఉండవు.

పెన్ను విప్పే ముందు అడగాల్సింది ‘ఎలా విప్పాలి’ అని కాదు, ‘ఇది దేంతో చేశారు’ అని. సెల్యులాయిడ్‌కి మంట తగిలితే భగ్గుమంటుంది, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. 1941లో వచ్చిన పార్కర్ 51కి పాళీని కప్పే తొడుగుంటుంది. దాన్ని కటింగ్ ప్లయర్‌తో తిప్పితే ఆ గాట్లు ఇక పోవు. కొద్దికొద్దిగా పొడి వేడి తగిలిస్తూ ఓపిక పడితే అదే వదులవుతుంది. పాతవాళ్లు లోపలి రబ్బరు తిత్తిని లక్కతో అతికించేవాళ్లు. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది కాబట్టి రేపు ఇంకొకరు విప్పి బాగుచేయొచ్చు. ఫెవిక్విక్ వేసేవాడు మాత్రం తన తర్వాత ఎవరూ దీన్ని ముట్టుకోనక్కర్లేదని తీర్పు చెప్పేస్తున్నాడు.

‘పెన్నుండేది రాయడానికి, బీరువాలో దాచుకోడానికి కాదు కదా’ అంటారు. నేననేదీ అదే. రాయడానికి సిరా పారితే చాలు. మెరుపు కావాల్సింది కెమెరాకి.

పాత పుస్తకం మార్జిన్లలో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న మాటలు చెరిపేసి ‘బాగుచేశాం’ అంటే మనం ఊరుకుంటామా? క్యాప్ మీది పంటిగాట్లూ అలాంటి రాతలే.

తాతయ్య పెన్ను ఇప్పుడు బాగానే రాస్తోంది. పాళీ వరకూ చల్లటి నీళ్లతో కడిగుంటే అప్పుడే రాసేది. ఎవరిదని అడిగితే ఇదివరకు పెన్నే చెప్పేది. ఇప్పుడు నేను చెప్పాల్సొస్తోంది.