బయానా చెక్కు బౌన్స్ అయితే అమ్మేవారికి దారేది?

స్థలం బేరం కుదిరి, అగ్రిమెంట్ రాసుకున్నాక బయానా చెక్కు వెనక్కి వస్తే ఒప్పందం దానంతటదే రద్దయిపోదు. ఈ విషయం తెలియక ఆస్తిని వెంటనే మరొకరికి అమ్మితే చిక్కు అమ్మినవారికే. మొదటి కొనుగోలుదారు కోర్టుకెళ్లి, తనకే రిజిస్ట్రేషన్ చేయించాలని కోరవచ్చు. పాత ఒప్పందం సంగతి తెలిసి కొన్న కొత్త యజమాని కూడా ఆ దావాలో ఇరుక్కుంటారు.

అందుకే అమ్మేవారు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ బేరం కావాలా, వద్దా?

కావాలనుకుంటే రాతపూర్వకంగా కొత్త గడువు ఇవ్వవచ్చు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 దారి కూడా ఉంది. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అమ్మకపు ఒప్పందం కింద ఇచ్చిన చెక్కుకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని 2019లో రిపుదమన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బేరం వద్దనుకుంటే ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే, రద్దు పత్రం కూడా రిజిస్టర్ చేయించుకోవడం మంచిది. లేదంటే ఈసీలో పాత ఒప్పందమే కనిపిస్తుంది.

ఈ రెండు దారుల్లో ఒకేసారి నడవడం తేలిక కాదు. రద్దయిన కొనుగోలు ఆర్డర్ కోసం అడ్వాన్సుగా ఇచ్చిన చెక్కు బౌన్స్ అయినా సెక్షన్ 138 కింద నేరం కాదని 2014లో ఇండస్ ఎయిర్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది సరుకుల వ్యవహారమే అయినా, బేరాన్ని తామే రద్దు చేసుకుని చెక్కు డబ్బు అడిగే అమ్మకందారుపై కొనుగోలుదారు ఇదే వాదన తెస్తారు.

కొంత సొమ్ము ముందే చేతికి అంది ఉంటే? ఒప్పందంలో స్పష్టంగా రాసుకున్న బయానాను అట్టిపెట్టుకోవచ్చు కానీ, ధరలో భాగంగా ఇచ్చిన అడ్వాన్సును అలా జప్తు చేసుకోలేరని 2012లో సతీశ్ బాత్రా కేసు తీర్పు చెబుతోంది.

వీటన్నిటికన్నా చవకైన రక్షణ అగ్రిమెంట్‌లో ఒక్క వాక్యం: బయానా సొమ్ము ఖాతాలో జమ అయ్యాకే ఈ ఒప్పందం అమల్లోకి వస్తుంది.