గంజాయి సాగు: లాభమెవరిది?

గంజాయిని చట్టసమ్మతము గావించినచో రైతు ఋణవిముక్తుడగుననియు, ఖజానా నిండుననియు చెప్పువారు మన పట్టణములందు కొందరు గలరు. కెనడా, అమెరికా దేశముల ఉదాహరణములు వారి నాలుకపై నాడుచుండును. గోదావరి యొడ్డున వెల్గటూరు మొదలు కోరుట్ల వరకు గల రైతాంగమునకు ఈ మాట వినసొంపుగానే యుండును. ఈ ప్రాంతపు పసుపు రైతులు ధర పడిపోయి పడిన పాట్లు చిన్నవి కావు. 2019 లోకసభ యెన్నికలలో, జగిత్యాల, కోరుట్లలు చేరియున్న నిజామాబాదు నియోజకవర్గమున 170కి పైగా రైతులు అభ్యర్థులుగా నిలిచి తమ గోడు దేశమునకు వినిపించిరి. పసుపు బోర్డు 2025 జనవరిలో గాని వెలయలేదు. ఇట్టివారి యెదుట ఎకరమునకు లక్షలు వచ్చునని పలుకువారు మొదట లెక్క చూపవలసియున్నది.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము గంజాయి మొక్కను సాగుచేసినవానికి పదియేండ్ల వరకు కఠినశిక్ష పడవచ్చును. ఇరువది కిలోలకు మించిన సరకుతో పట్టుబడినచో పదియేండ్లకు తక్కువ శిక్ష లేదు. అయినను చట్టము ద్వారము నంతయు మూయలేదు. ఆకుతో చేయు భంగు ఆ నిర్వచనమునకు వెలుపల నున్నది. సాగుకు అనుమతి నిచ్చు అధికారమును పదవ సెక్షను రాష్ట్రములకే యొసగినది. మత్తుపదార్థము వందకు 0.3 పాలు మించని నారజాతి సాగుకు ఉత్తరాఖండ ప్రభుత్వము 2018లో దారి తెరచినది. 2021లో సోలాపూరు జిల్లా రైతొకడు, ఏ పంటకును గిట్టుబాటు ధర లేదు గనుక తనకు గంజాయి వేసికొన అనుమతి నిమ్మని కలెక్టరునకు అర్జీ పెట్టుకొనెను. దానిని వేళాకోళమని కొట్టివేయుట సులభమే. ఆ అర్జీలోని ఆక్రోశము మాత్రము వేళాకోళము కాదు.

గంజాయికి అంత ధర యేల? 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని దగ్ధము గావించి, దాని విలువ 850 కోట్ల రూపాయలని ప్రకటించిరి. అనగా కిలో నలుబదివేలకు పైమాట. విశాఖ మన్యమున దానిని పండించిన గిరిజనునకు అందులో దక్కునది స్వల్పము. తక్కినదంతయు కొండ దిగినది మొదలు పట్టణపు సందు చేరువరకు చేయి మారినప్పుడెల్ల వేసికొనిన భయపు వెల. ఇది మొక్క ధర కాదు, జైలు ధర. చట్టము తొలగిననాడు ఆ భయము తొలగును. భయముతోబాటు ధరయు తొలగును. కలుపువలె పెరుగు మొక్కకు కొరత యెక్కడిది?

ఇది మా యూహ మాత్రమే కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2014 జనవరిలో దుకాణములు తెరచిరి. 2015 ఆరంభమున టోకున పౌను సుమారు 2,000 డాలర్లు పలికిన సరకు 2023 నాటికి 700 డాలర్లకు దిగజారెను. 2018లో చట్టసమ్మతి నిచ్చిన కెనడాలో అమ్ముడుపోని గంజాయి గుట్టలు పడి, 2021 ఒక్క సంవత్సరముననే నాలుగువందల టన్నులకు పైగా ఉత్పత్తిదారులే నాశనము చేసికొనిరి. థాయిలాండు ప్రభుత్వము 2022లో ఆంక్షలు తొలగించి పదిలక్షల మొక్కలను ఉచితముగా పంచబూనినది. మూడేండ్లు తిరుగగానే, 2025 జూన్‌లో, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని శాసించినది. నడుమ పెట్టుబడి పెట్టిన రైతు గతి యేమి? పసుపు ధర పడినప్పుడు కొమ్ములను కొంతకాలము దాచుకొనవచ్చును. లైసెన్సు సరకును ఇంట దాచుకొనుటయే నేరము.

మరి లాభమెవరిది? ఖజానాది, లైసెన్సుదారునిది. ఖజానా రాబడియు స్థిరము కాదు: 2021లో 42 కోట్ల డాలర్లు దాటిన కొలరాడో పన్ను 2023లో 27 కోట్లకు తగ్గినది. ఇక లైసెన్సుల మాటకు అమెరికా దాక పోనక్కరలేదు. 2023లో తెలంగాణమున 2,620 మద్యపు దుకాణములకు లక్షా ముప్పదివేల దరఖాస్తులు పడెను. దరఖాస్తునకు రెండు లక్షల రూపాయల వంతున, తిరిగియీయని రుసుము క్రిందనే, ప్రభుత్వమునకు 2,600 కోట్లు ముట్టెను. సీసా మూత తీయకమునుపే ఇంత రాబడి గల వ్యాపారమున చిన్నకమతపు రైతు ఏ వరుసలో నిలుచును?

పూర్వమొకచోట రైతు నిలువగలిగెను. బెంగాలులోని నౌగావున, నేటి బంగ్లాదేశమున, ఆంగ్లప్రభుత్వపు కాపలాలో గంజాయి పండించిన రైతులు 1917లో సహకార సంఘము స్థాపించుకొని సరకును సంఘము ద్వారానే అమ్మిరి. సాగుభూమి హద్దులు ప్రభుత్వమే గీసినది. ఆ హద్దుల వెలుపలివాడు విత్తనము వేయరాదు. కొలదిమందికి దక్కిన ఆ లాభము ఇతరులను వెలివేయుటచేత నిలిచినదే. ఆ సాగు 1987లో ముగిసినది. అట్టి హద్దును నేడు గీసినచో అందులో వెల్గటూరు పడునని యెవరు హామీ యిత్తురు?

చట్టపు కాఠిన్యమును సడలింపవలెనను వాదమున సత్యము లేకపోలేదు. మూటమోసిన కూలివాడు చెరలో మ్రగ్గుచుండ పెట్టుబడి పెట్టినవాడు తప్పించుకొనుచున్నాడు. ఈ అన్యాయమును దిద్దుట వేరు, గంజాయిని పంటగా చూపి రైతును ఆశపెట్టుట వేరు. నారజాతితో సిరిసిల్ల మగ్గములు నిండునని మరికొందరందురు. నార తీయు యంత్రములు, వడకు మిల్లులు లేనిదే ఆ మాట గాలిలో మేడ.

ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా చెరకు రైతు కొనువాడు లేక యెట్లు అల్లాడెనో మన ప్రాంతమునకు తెలియును. ప్రభుత్వము ఎన్నడైన పదవ సెక్షను ననుసరించి సాగుకు పూనుకొనదలచినచో ముందుగా మూడు ప్రశ్నలకు శాసనసభలో బదులు చెప్పవలెను: లైసెన్సు ఎన్నియెకరముల రైతునకు ఇత్తురు? సరకు నెవరు, ఏ ధరకు కొందురు? ధర పడిననాడు నష్టమెవరు భరింతురు?